‘నీవే తప్ప నితఃపరం బెఱుఁగ’: ముందు మొక్కా, చివరి మొరా?

ప్రశ్న: కష్టం రాగానే ముందు దేవుణ్ణి తలచుకోవాలని చెప్పే ప్రతివారూ గజేంద్రమోక్షంలోని ‘లావొక్కింతయు లేదు’ ఎత్తుకుంటారు. ఆ మాటకు ఈ పద్యం సరిపోతుందా? ‘ఇతఃపరం’ అంటే ‘ఇకమీదట’ అనా, ‘ఇంకొకరు’ అనా?

జవాబు: ముందు పద్యం చూద్దాం.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

‘ముందు’ అనడానికి ఇది సరిపోదు. బలం, ధైర్యం, ప్రాణం, స్పృహ, ఒళ్ళు అన్నీ పోయాక వచ్చిన కేక ఇది. సంస్కృత మూలంలో ఏనుగూ మొసలీ వెయ్యేళ్ళు పెనుగులాడాయి. పోతన ఏనుగు కూడా మొదట అడిగింది ‘ఏ రూపంబున దీని గెల్తు’ అని. ఏ వేల్పును తలచాలన్నది ఆ తరువాతి ప్రశ్న. ‘లావొక్కింతయు’కు ముందే ‘కలఁడో లేఁడో’ అన్న అనుమానం కూడా నడిచింది. ఇన్ని మెట్లు దిగాక చెప్పిన ‘నీవే తప్ప’ను మొదటి మెట్టు మీద పెడితే పద్యం బరువు సగం పోతుంది.

ఇక ఇతఃపరం. ఇతః అంటే ‘దీనికంటె’, ‘ఇక్కడినుంచి’. పరం అంటే ‘వేరైనది’, ‘తరువాతిది’. విడిగా చూస్తే రెండర్థాలూ కుదురుతాయి. పక్కన ‘నీవే తప్ప’ ఉంది కాబట్టి ఇక్కడ ‘నీకు వేరైన మరొకరిని ఎరుగను’ అన్నదే అతుకుతుంది.

మరో జవాబు: ‘లావు’ను కూడా ఇవాళ్టి చెవితో వినకూడదు. ఏనుగు చిక్కిపోయిందని కాదు, బలం లేదని. సుమతి శతకంలో ‘లావుగలవానికంటెను’ అన్న చోటా బలమే, అక్కడా ఉపమానం ఏనుగే. ఠావు అంటే చోటు. ఠావు కాగితంతో పని లేదు. ‘రావే’ ఆడపిల్లను పిలిచే పిలుపు కాదు, వేడికోలు.

అడిగినవారు మళ్ళీ: ‘బ్రాణంబులున్’, ‘దప్పెను’, ‘దనువున్’ అని మార్చి రాసింది ఎందుకు? ఒకే సూత్రమా?

జవాబు: కాదు, ఇక్కడే చాలామంది తడబడతారు. అయ్యెన్, వచ్చెన్ ద్రుతాంతాలు, అంటే నకారంతో ముగిసే మాటలు. వాటి మీద పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) అవుతుంది: ప్రాణంబులు బ్రాణంబులైంది, తనువు దనువైంది. ముందున్న అరసున్న ఆ నకారం ఆనవాలే. ‘దప్పెను’కు ముందున్న ‘ఠావుల్’ మాత్రం ప్రథమావిభక్తి. అక్కడ పనిచేసింది గసడదవాదేశం, అంటే క చ ట త పల చోట గ స డ ద వలు రావడం. తకారానికి రెండు సూత్రాల్లోనూ దకారమే వస్తుంది కాబట్టి తేడా కనబడదు. పకారం అయితే బయటపడేది: మొదటి దానిలో బ, రెండో దానిలో వ.

మరో జవాబు: చదివేవాళ్ళు చేసే రెండు తప్పులు. ఇది శార్దూలం, పాదానికి 19 అక్షరాలు, 13వది యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. ‘ఇతహపరం’ అని హకారాన్ని విడదీసి పలికితే గురువైన (దీర్ఘంగా పలికే) ‘తః’ రెండు లఘువులై (పొట్టి అక్షరాలై) మూడో పాదం 20 అక్షరాలవుతుంది. విసర్గను ‘ప’కు ఆనించి, దాదాపు ‘ఇతప్పరం’ లాగా పలికితే లెక్క నిలుస్తుంది.

రెండోది, యతి దగ్గర ఊపిరి ఆపడం. 12 అక్షరాల తరువాత ఆపితే ‘విలో, లంబయ్యె’, ‘మ, న్నింపందగున్’, ‘సం, రక్షించు’ అని మాటలు తెగుతాయి. రెండో పాదంలో ఒక్కచోటే ‘డస్సెన్’ సరిగ్గా అక్కడ మొదలవుతుంది (ఠా, డ ఒకే వర్గం అక్షరాలు కాబట్టి వర్గయతి). మొదటి పాదాన్ని ‘లేదు’ దగ్గర, ‘విలోలంబయ్యెఁ’ దగ్గర ఆపి, ‘ప్రాణంబులున్’ను పాదాంతంలో వేలాడదీయకుండా ‘ఠావుల్ దప్పెను’ దాకా ఒక్క ఊపిరిలో లాగాలి. మూడో పాదంలో ‘ఎఱుఁగ’ దగ్గర ఆపండి. అది ‘ఎఱుఁగను’ అన్న క్రియ. వాక్యం అక్కడితో అయిపోయింది.