డిసెంబరులో అమ్మానాన్నలు అడిస్ అబాబాకి: టీకా, చలి, అన్నం

కొబ్బరాకు:
అక్కా బావగారూ ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఉంటున్నారు. అమలాపురం నుంచి అమ్మానాన్నల్ని డిసెంబరులో పది రోజులకు పంపాలి. నాన్నకు 63, బీపీ మాత్ర వేసుకుంటారు. ఇద్దరూ శాకాహారులే. టీకా ఎప్పుడు వేయించాలి? బియ్యం, ఆవకాయ మోసుకెళ్లాలా?

ఏటిగట్టు:
ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే జ్వరం) టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు వెళ్లేటప్పటికన్నా తిరిగొచ్చేటప్పుడే ఎక్కువ అవసరమండి. అది లేకుండా మన ఎయిర్‌పోర్టులో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. సూది వేయించుకున్నాక పది రోజులకు గానీ కార్డు చెల్లదు, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు. స్లాటు ముందే తీసుకుని పాస్‌పోర్టు పట్టుకెళ్లాలి. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి. అరవై దాటినవాళ్లకు మొదటి డోసుతో తీవ్రమైన ఇబ్బందుల ముప్పు ఎక్కువ. అందుకే టికెట్టు కొనకముందే నాన్నగారిని డాక్టరుకు చూపించండి. గుడ్డు పడకపోతే అదీ చెప్పాలి.

లంకతోట:
ఊరు దాదాపు 2,350 మీటర్ల ఎత్తు. మనది సముద్రమట్టం కదా, మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఎంటోటో కొండ ఇంకా ఎత్తు, దాన్ని చివర్లో పెట్టుకోండి. పగలు ఎండే గానీ రాత్రి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. స్వెట్టరు, మేజోళ్లు ఉండాలి.

అన్నం సంగతి. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో ఎసరు పెట్టి వండితే పైన మెత్తబడినా మెతుకు నొక్కితే మధ్యలో పలుకు తగులుతుంది. కుక్కరు తప్పదు, ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి. బియ్యం మొయ్యక్కర్లేదు, అక్కడే దొరుకుతాయి. ఆవకాయ ప్యాకెట్లు మాత్రం వద్దు: గాలి ఒత్తిడి తగ్గేసరికి ఉబ్బి, అతుకు దగ్గర నూనె కారుతుంది. మరమూత డబ్బాలో అంగుళం ఖాళీ వదిలి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టి చెకిన్ సామానులో పడేయండి.

కాలవదారి:
డిసెంబరు శాకాహారులకు మంచి అదను. నవంబరు 24 లేదా 25 నుంచి జనవరి 6 దాకా అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసం. మాంసం, పాలు, వెన్న ముట్టరు. హోటల్లో "యెత్సోమ్ బెయాయ్‌నెతు" అనండి: ఇంజెరా మీద పప్పులు, కూరలు వడ్డించి తెస్తారు. ఇంజెరా పులిసిన పిండితో ఒకవైపే కాల్చిన అట్టు, పులుపు కాస్త ఎక్కువ. చేప తింటారు కొందరు, కాబట్టి "చేప వద్దు" అని కూడా చెప్పించండి.

ఇంకోటి, అక్కడివాళ్లు గంటలు లెక్కపెట్టే తీరే ఆరు గంటలు తేడా. డ్రైవరు "రెండింటికి వస్తా" అన్నాడంటే మామూలు గడియారం లెక్కలో అక్కడి ఉదయం ఎనిమిది కావచ్చు. విమానం టికెట్టు మీద మాత్రం మామూలు టైమే.