అప్‌డేట్: స్లో కుక్కర్ కొనలేదు

తిరుపతిలో పొద్దున్నే ఇద్దరం డ్యూటీకి వెళ్లిపోతాం, స్లో కుక్కర్ (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) కొనాలా, ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కరా అని పోయిన నెల అడిగాను కదా. చివరికి 6 లీటర్ల ప్రెషర్ కుక్కరే తెచ్చాం. స్లో కుక్కర్‌లో మటన్ ఏడెనిమిది గంటలు ఉడకాలి. మేం లేనప్పుడు కరెంటు పోతే కూర పాడవుతుందని టెన్షన్. రాజ్మా అయితే ముందే 10 నిమిషాలు విడిగా మరిగించాలి, లేదంటే స్లో కుక్కర్ తక్కువ వేడికి ఆ గింజల్లోని విషగుణం పోదు. అంత ఓపిక నాకెక్కడిది!

మేం తెచ్చిన ప్రెషర్ కుక్కర్‌లో రాత్రి నానబెట్టిన ఉలవలు అరగంటలో మెత్తబడ్డాయి. కాళ్ల పులుసు కూడా భలే కుదిరింది. రాగి సంగటి మాత్రం అడుగంటి, ఉండలు కట్టింది. అత్తమ్మ ఒక నవ్వు నవ్వి, పాత గిన్నె, తెడ్డు తీసుకుని స్టవ్ మీదే గెలికేశారు.