పిల్లలు నెత్తురు చూస్తే తప్పెవరిది? పేరెంట్స్‌దా, పెట్టినోడిదా?

అమలాపురం బుల్లోడు:
మొన్న హైవే మీద యాక్సిడెంట్ అయితే ఎవరో వీడియో తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, బ్లర్ గట్రా ఏమీ లేదు. మా అక్క కూతురు, ఏడేళ్ళది, ఫోన్ దాని చేతిలోనే ఉంది, మొత్తం చూసేసింది, అప్పట్నుంచి బండెక్కమంటే ఏడుపే. మా బావ అడ్మిన్‌ని తిడుతున్నాడు, పిల్లకి ఫోన్ ఇచ్చిందెవరు బావా అన్నాన్నేను, ఇంక ఇంట్లో చూస్కోండి. మీరేటంటారు?

పాలకొల్లు టీచర్:
మొహమాటం లేకుండా చెప్తున్నానండి, పేరెంట్స్‌దే. మా స్కూల్లో నాలుగో క్లాసు పిల్లలు ఇంటర్వెల్‌లో నరుక్కునే సీన్లు యాక్ట్ చేస్తారు, ఎక్కడ చూశార్రా అంటే డాడీతో సినిమా హాల్లో అంటారు. 2023లో సినిమాల చట్టం మార్చి యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని విడదీశారు కదా, కానీ అది తల్లిదండ్రులు చూసుకోవడానికే, గేటు దగ్గర ఆపాల్సింది ‘ఏ’ (A) సర్టిఫికెట్ సినిమాకి, 18 నిండనోళ్ళని. అదీ ఎంతమంది ఆపుతున్నారో మనకి తెలిసిందే.

రాజోలు టు కువైట్:
టీచర్ గారూ, నేనిక్కడ డ్రైవర్‌ని, మా ఆవిడ కూడా ఇక్కడే ఇంట్లో పనికి, పిల్లలు మా అమ్మ దగ్గర. అమ్మకి ఫోన్ ఎత్తడం, పెట్టెయ్యడం వచ్చు, అంతే. మా సైడు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయండి, మరి పేరెంట్ ఎవరు ఇక్కడ? ఓటీటీల్లో 13+ దగ్గర్నుంచి లాక్ ఉండాలని 2021 రూల్సులోనే ఉంది, నేను పెట్టాను కూడా, మా ఓడు యూట్యూబ్‌లోకి పోయి అదే ఫైటు ముక్కలు ముక్కలుగా చూస్తున్నాడు.

భీమవరం రాజు:
ఏటండీ ఈ గోల. సంక్రాంతికి మా నాన్న భుజాలెక్కి కత్తి కట్టిన పందెం చూసినోళ్ళం, పేగులు బయటికొచ్చినా ఈలలే, రాత్రికి కోజ (పందెంలో పోయిన కోడి) కూర తిని శుభ్రంగా పడుకున్నాం. మేమేవన్నా హంతకులయ్యామా?

పాలకొల్లు టీచర్:
పందేలు 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, ఆ గొడవ ఇప్పుడొద్దులెండి రాజుగారూ. హంతకులవుతారని ఎవరన్నారు? 1961లో బందూరా అనే సైకాలజిస్టు చిన్నపిల్లల ముందు ఒక పెద్ద మనిషి చేత గాలి బొమ్మని కొట్టించాడు, తర్వాత వదిలేస్తే చాలామంది పిల్లలు అచ్చం అలాగే కొట్టారు. పెద్దయ్యాక ఏమవుతారన్నది ఆ ప్రయోగం చెప్పదు, నేనూ చెప్పను. ఏడేళ్ళ పిల్ల బండెక్కట్లేదు, అది చాలదా?

మండపేట సెల్‌షాపు:
అన్నీ కలిపేస్తున్నారండి. సినిమా అయితే పక్కన కూచుని అది ఉత్త రంగేనమ్మా, నెత్తురు కాదు అని చెప్పొచ్చు, నిజంగా పోయిన మనిషిని చూపిస్తే ఏం చెప్తాం? దానికి పెట్టినోడిదే తప్పు, నా వరకూ. కాకపోతే ఒకటి, పిల్లలు వాట్సాప్ తెరవరండి, గ్యాలరీ తెరుస్తారు. ఆటో డౌన్‌లోడ్ ఆపి, మీడియా విజిబిలిటీ ఆఫ్ చేస్తే గ్రూపులో వచ్చిన చెత్త గ్యాలరీలో పడదు. పాతవి మాత్రం కూచుని డిలీట్ చేసుకోవాలి. అడ్మిన్లు తల్చుకుంటే గ్రూపులో అడ్మిన్లే పోస్ట్ చేసేలా పెట్టొచ్చు, తల్చుకోరు, గ్రూపు చచ్చిపోద్దని భయం.

రాజోలు టు కువైట్:
ఆ ఆఫ్ చేసేది మా అమ్మకి ఫోన్లో చెప్పి చేయించగలనంటారా అన్నా?

మండపేట సెల్‌షాపు:
కష్టమేనండి. ఎవరైనా కుర్రోడు ఇంటికెళ్ళి చెయ్యాలి, అయిదు నిమిషాల పని.

భీమవరం రాజు:
ఆ కుర్రోడే వెళ్ళి ఆవిడకి రీల్స్ నేర్పకుండా ఉంటే చాలు. టీచర్ గారూ, మరి పండక్కి మావోణ్ణి బరి దగ్గరికి తీసుకెళ్ళొద్దంటారా?

పాలకొల్లు టీచర్:
వద్దనే అంటాను. మీరు వినరు కాబట్టి కనీసం ముందు వరసలో నిలబెట్టకండి, వాడు ఏడిస్తే మగాడివి కాదా అనకుండా బయటికి తీసుకొచ్చెయ్యండి.

భీమవరం రాజు:
ఏడిచేది వాళ్ళమ్మండి, వాడు కాదు 😀