1913 నాటి చైనా వరికోత స్టాంపు: లండన్ ముద్రణా, పెకింగ్ ముద్రణా?

చైనా రిపబ్లిక్ తొలినాళ్ల 50 సెంట్ల ఆకుపచ్చ స్టాంపు ఒకటి తేల్చలేక అడుగుతున్నాను. ఈ వరుస మొదట 1913లో లండన్‌లో వాటర్‌లో (Waterlow) అనే ముద్రణ సంస్థలో అచ్చయింది, తర్వాత పెకింగ్‌లో, 1923లో మళ్లీ కొద్దిగా మార్చి గీసిన అచ్చుతో. ముద్రణ మారితే ధరా మారుతుంది.

పదింతల భూతద్దంలో చూస్తే రైతు టోపీ ముందంచు సన్నగా, బాగా పైకి వంగి ఉంది. ఎడమ పాదం, కొడవలి చుట్టూ తెల్లగీత స్పష్టం. పెకింగ్ మొదటి అచ్చులో అంచు మందంగా, దాదాపు తిన్నగా ఉండి, పాదం నీడను తాకాలి. ఈ లెక్కన లండన్ ముద్రణే.

చిక్కంతా పళ్ల (స్టాంపు అంచు చిల్లుల) దగ్గర. గేజ్ (రెండు సెంటీమీటర్లకు ఎన్ని పళ్లో చూపే కొలబద్ద) మీద పైవైపు 14, పక్కవైపు 15కి దగ్గరగా వస్తోంది. కుడివైపు పళ్ల కొసలు మరీ నున్నగా, కత్తెర తగిలినట్టున్నాయి (ఇదే నా అనుమానానికి మూలం). వెనక జిగురు లేదు, ముద్ర చెరిపిన జాడా కనిపించలేదు.

పళ్లు మళ్లీ కొట్టిన స్టాంపును రంధ్రాల వ్యాసంతో పట్టుకోవచ్చా? 1923 అచ్చును తోసిపుచ్చాలంటే ఏ మూల చూడాలి? నీళ్లలో నానబెడితే కాగితం సాగి కొలత మారుతుంది కాబట్టి, పొడిగానే చేసే పరీక్షలు చెప్పండి. ముందువెనకల స్కాన్ 1200 డీపీఐలో పెట్టగలను.