అప్‌డేట్: ఎండాకాలంలోనే కల్యాణి డ్యాంకి వెళ్లొచ్చాం

మే నెలలో తిరుపతి దగ్గర కల్యాణి డ్యాంలో పిట్టలు కనబడతాయా, చలికాలం దాకా ఆగాలా అని పోయిన వారం అడిగాను కదా. ఆగొద్దన్నవాళ్లకు థ్యాంక్స్! ఆదివారం తెల్లారేసరికి నేనూ మా బావా అక్కడున్నాం. నీళ్లు బాగా తగ్గాయి. నలుపు తెలుపు లకుముకి పిట్ట గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, దబ్బున నీళ్లలో పడింది. మూడోసారికి చేప దొరికింది.

అసలు సంగతి తీతువు పిట్ట. నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు. (అది అరిస్తే అపశకునమని మా అవ్వ అనేది.) ఎందుకా అని చూస్తే, బావ చెప్పుకి రెండడుగుల దూరంలో గులకరాళ్ల మధ్య నాలుగు మచ్చల గుడ్లు! గూడంటూ ఏమీ లేదు, ఉత్త నేలే. ఫొటో కూడా తీయకుండా వెనక్కి వచ్చేశాం. బాతులు మాత్రం ఒక్కటీ కనబడలేదు.