పల్లెటూరి పాత చర్చిలో కిరాణా కొట్టు, పోస్టాఫీసు: తప్పా, ఒప్పా?

పాతరాయి:
ఇంగ్లండు పల్లెల్లో మధ్యయుగాల నాటి చర్చిలు చాలావాటికి ఆదివారం వచ్చేది వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. కప్పు కారితే బాగుచేయించే దిక్కుండదు. అందుకని కొన్నిచోట్ల బెంచీలు తీసేసి లోపలే కొట్టు, పోస్టాఫీసు నడుపుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. ప్రార్థన చేసే చోట బేరాలేమిటి?

లెక్కలపుస్తకం:
పాతరాయి గారూ, ఆ చర్చిలు ఏనాడూ ప్రార్థనకే పరిమితం కాలేదండీ. ఇంగ్లండు నైరుతిన డెవన్ జిల్లాలోని మోర్‌బాత్ సంగతి చూడండి. ముప్పై చిల్లర గడపల ఊరు. 1520లో వచ్చిన క్రిస్టఫర్ ట్రికీ అనే ఫాదిరీ 1574లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన రాసిన చర్చి లెక్కలు ఇప్పటికీ మిగిలాయి. ఒక్కో పునీతుడి బొమ్మ ముందు వెలిగే దీపానికి ఒక్కో నిధి. కుర్రాళ్లకొకటి, కన్నెపిల్లలకొకటి. నిధికి చెందిన గొర్రెల్ని ఊళ్లోవాళ్లే తలా ఒకటి మేపేవారు, ఉన్ని సొమ్ము చర్చికి చేరేది. బీరు కాచి అమ్మే ఉత్సవం రాబడి వేరే. ఆ జమాఖర్చులు ఊరందరి ముందూ చదివేవాడు. ప్రొటెస్టెంటు మార్పులు తెచ్చిన రాజు ఆరో ఎడ్వర్డు ఏలుబడిలో నిధులు రద్దయ్యాయి, గొర్రెల్ని అమ్మేశారు, ఉత్సవం ఆగింది, చర్చి అప్పులపాలైంది. 1549లో లాటిన్ బదులు ఇంగ్లీషులో తెచ్చిన కొత్త ప్రార్థన పుస్తకంపై తిరుగుబాటు లేస్తే, ఆ చిన్న ఊరు ఐదుగురిని ఖర్చులిచ్చి మరీ ఎక్సెటర్ నగరం దగ్గరి తిరుగుబాటుదారుల శిబిరానికి పంపింది. ఆ చర్చి తమ సొంతం అనుకోకపోతే అంత తెగిస్తారా?

కొండగాలి:
ఒక్కమాట. మోర్‌బాత్‌లో బీరు పోసింది చర్చిలో కాదు, పక్కనే ఉన్న చర్చి ఇంట్లో. తిండీ తాగుడూ గుడి బయట ఉండాలని వాళ్లే విడిగా కట్టుకున్నారు. మీ ఉదాహరణ పాతరాయి గారి వైపే నిలుస్తోంది.

లెక్కలపుస్తకం:
ఆ విషయంలో మీరన్నది నిజమే. కానీ అలాంటి ఇళ్లు ఎక్కువగా 15వ శతాబ్దం నుంచే లేచాయి. అంతకుముందు విందులు చర్చి నడిమి హాల్లోనే జరిగేవి. పాతరాయి గారు తీసేశారని బాధపడుతున్న బెంచీలు కూడా చాలా చోట్ల ఆ కాలానికే వచ్చాయి, అంతకుముందు ఖాళీ నేలే. 13వ శతాబ్దం నుంచీ బలిపీఠం ఉన్న గది మరమ్మతు ఫాదిరీది, హాలు మరమ్మతు ఊరిది. ఖర్చు ఊరిదైనప్పుడు వాడకమూ ఊరిదే కదా.

పాతరాయి:
హాలు వరకు ఒప్పుకుంటాను. బలిపీఠం వైపు గల్లాపెట్టె రాకూడదు. చెక్కడాలున్న పాత బెంచీలుంటే వాటిని పీకకూడదు. తర్వాత చేర్చిన మామూలువి తీసేస్తే అభ్యంతరం లేదు.

కొండగాలి:
తీసేముందు ఆ బెంచీల వయసు తెలిసినవాళ్లచేత చూపించాలి. కొట్టువాడి తొందర మీద వదిలేస్తే మాత్రం నేను ఒప్పుకోను.