గుండెల్లో మంటకు ఆక్యుపంక్చర్ ఎవరైనా చేయించుకున్నారా?

తెనాలి_పద్మ: నాలుగేళ్లుగా పుల్లటి త్రేన్పులు. పడుకుంటే గొంతు దాకా మంట ఎగదన్నుతోంది. రోజూ పొద్దున కడుపులో యాసిడ్ తగ్గించే మాత్ర, పాంటొప్రజోల్ 40, వేసుకుంటున్నా పూర్తిగా తగ్గట్లేదు. ఎండోస్కోపీలో పుండేమీ లేదన్నారు. మా ఆడపడుచు సూదుల వైద్యం చేయించుకోమంటోంది. మీ అనుభవాలు చెప్పండి.

హన్మకొండ_శ్రీను: నేను చేయించుకున్న అక్కా. వారానికి రెండుసార్లు, ఐదు వారాలు. సూదులు వెంట్రుకంత సన్నగ ఉంటయి. మణికట్టు మడతకు మూడు వేళ్ల పైన లోపలివైపు ఒకటి, మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ల దూరంల ఒకటి, బొడ్డుకు పైన పొట్ట మీద ఒకటి. గుచ్చినంక అక్కడ బరువుగ, లాగినట్టు ఉంటది. మూడో వారంల రాత్రిళ్లు లేచి కూర్చునుడు తగ్గింది. గోలీ మాత్రం ఆపలే. సూదులు నీ ముందే కొత్త ప్యాకెట్ విప్పి తీయాలె, అది చూసుకో.

కాకినాడ_లక్ష్మి: ఎనిమిదిసార్లు వెళ్లాను, నాకు గుణం కనిపించలేదండి. పైగా అక్కడ మొదటి రోజే మాత్రలు మానేయమన్నారు. మానేశాను. వారం తిరక్కుండా మంట రెట్టింపైంది, ఏడుపొచ్చేసింది. చాలాకాలం వాడి ఉన్నట్టుండి ఆపితే కడుపులో యాసిడ్ ఇంకా ఎక్కువ ఊరుతుందని తర్వాత మా డాక్టరుగారు చెప్పారు. దయచేసి ఎవరూ అలా చేయకండి.

మందుల_షాపు_నెల్లూరు: 2007లో అమెరికా డాక్టర్లు ఒక పరిశోధన ప్రచురించారు. రోజుకో మాత్రతో మంట తగ్గని 30 మందిని తీసుకుని, కొందరికి డోసు రెట్టింపు చేశారు. మిగతావాళ్లకు అదే మాత్రతో పాటు నాలుగు వారాల్లో పదిసార్లు సూదులు. సూదులవాళ్లకే ఎక్కువ ఉపశమనం కలిగింది. కానీ 30 మందే కదా, ఉత్తుత్తి సూదులతో పోల్చి చూడనూ లేదు. నేనైతే మాత్రకు తోడుగా ప్రయత్నించమంటాను, మాత్రకు బదులుగా వద్దు. పద్మగారూ, మాత్ర టిఫిన్‌కు ముందా, తర్వాతా?

తెనాలి_పద్మ: టిఫిన్ తిన్నాక, బీపీ మాత్రతో కలిపి.

మందుల_షాపు_నెల్లూరు: అదేనమ్మా! టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సరిగ్గా పనిచేయదు. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, ఎడమవైపు తిరిగి పడుకోండి.

గద్వాల_రవి: ఒక్క మాట. మా నాన్న గ్యాసే అనుకుని రాత్రంతా ఓర్చుకున్నాడు, అది గుండెపోటు. నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా వెంటనే ఆసుపత్రికి పోండి. మింగుడు పడకపోయినా, విరేచనం నల్లగా వచ్చినా డాక్టరుకు చూపించాలి.

తెనాలి_పద్మ: నాలుగేళ్లలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదండి. రేపటి నుంచి మాత్ర టిఫిన్‌కు ముందే. నెల చూసి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరుగారిని అడిగి సూదులకు వెళ్తాను. ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.